గుర్రం పాటకు తోక

పనసపుట్టు ఊళ్ళో గాసి వాళ్ళింట్లో పాటకు తల ఉంటుంది, తోక ఉంటుంది. తల ఎవడైనా పట్టుకుంటాడు, తోక పట్టినవాడే మోరిగాడు అనేవాడట వాళ్ళ అయ్య. మోరి అంటే సన్నాయికి వరసకు తమ్ముడు. పొట్టిగా ఉంటుంది గాని గొంతు పెద్దది. ఊదితే అవతలి కొండ మీద మేస్తున్న గొడ్లు నమలడం ఆపి తలెత్తుతాయి. అరకు చుట్టుపక్కల ఊళ్ళలో థింసా ఆడాలన్నా, పెళ్ళికూతుర్ని సాగనంపాలన్నా డప్పులూ తుడుములూ ఎన్ని మోగినా లాభం లేదు, మోరి పలికితేనే కాళ్ళు లేస్తాయి.

ఆ ఇంటికి ఒక కట్టడి ఉంది. తోక తెలియని పాట పెళ్ళిలో ఎత్తుకోకూడదు. గాసి ముత్తాత ఒకసారి ఎత్తుకున్నాడు. సంతలో ఎవరో వాయిస్తుంటే సగం విన్న పాట. ఎత్తుకున్నాక ఎక్కడ దించాలో తెలియలేదు. మోరి ఆగకుండా అడుగు ఆపడం థింసాలో లేదు. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడుతున్న ఆడవాళ్ళు, అలా ఆడుతూ ఆడుతూ గెడ్డనీళ్ళు దాటి, కొండ దాటి ఒడిశాలో పడ్డారు. పాడువా సంతలో ఇప్పటికీ కొందరు బేరమాడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఒక అడుగు పక్కకు వేస్తారు చూడండి, వాళ్ళంతా ఆ సంతతే. ఈ మాట గాసి నాకు చెప్పలేదు, నేనే గాసికి చెప్పాను. విని, "నిజిమే బావూ, ఆళ్ళు మా సుట్టాలే" అన్నాడు.

నేను అప్పుడు అరకు స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమాస్తాను. పైకొక ప్యాసింజరు, కిందికొక ప్యాసింజరు పోతే మిగతా పొద్దంతా విశాఖకు ఇనపరాయి మోసే గూడ్సులే. ఎంత పొడుగు బండ్లంటే, ఇంజను బొర్రా దగ్గర వానలో తడుస్తుంటే వెనక గార్డు శిమిలిగుడ దగ్గర చొక్కా ఆరేసుకునేవాడు. ఈ గూడ్సు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఎనభైల్లో ఎప్పుడో మా లోయలో ఒక సినిమా తీశారు. పోస్టరు మీద దానికి మంచి పేరే ఉండేది గాని ఇక్కడ ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. గుర్రం సినిమా అనేవారు. అరకులో గుర్రాన్ని చూడడం జనానికి అదే మొదలు. పాపం దాన్ని రైలుపెట్టెలో ఎక్కించి తెచ్చారు. దారిలో యాభై పైచిలుకు సొరంగాలు, ఒక్కోటి వచ్చినప్పుడల్లా రాత్రయిందనుకుని పడుకోవడం, బయటికి రాగానే తెల్లారిందనుకుని లేవడం. అరకులో దిగేసరికి దానికి రెండు నెలల వయసు ఎక్కువైంది. తీసినన్నాళ్ళూ దానికి గడ్డి కోసి వేసింది గాసి. అప్పటికి పడుచువాడు. గుర్రానికి గడ్డి వేస్తూ మోరి వాయిస్తే అది చెవులు రిక్కించి వినేదట. ఈ మాట మాత్రం నాది కాదు, గాసిదే.

సినిమా విశాఖలో వారం ఆడింది, పోయింది. పాటల క్యాసెట్టు వచ్చింది. అయిదు పాటలు, అన్నీ ప్రేమ, వర్షం. కాని సినిమాలో జనానికి నచ్చింది ఆ అయిదూ కాదు. చివర్లో రౌతు లేని గుర్రం పసుప్పచ్చగా పూసిన వలిసె చేల మధ్య నుంచి పరుగెత్తి కొండెక్కుతుంది. మాట లేదు, పాట లేదు, ఒట్టి వాయిద్యం. అందులో మొదట పలికేది మోరే అని గాసి ఒట్టేసి చెప్పేవాడు. ఆ ముక్క క్యాసెట్టులో లేదు. సినిమాల్లో వెనక వచ్చే వాయిద్యాన్ని ఆ రోజుల్లో ఎవరూ క్యాసెట్టు వేసేవారు కాదు. కొబ్బరికాయ అమ్మి నీళ్ళు తమ దగ్గరే ఉంచుకున్నట్టు.

తొంభై మూడు ప్రాంతంలో ఒక చలికాలం, ఆ సినిమా టీవీలో వేస్తున్నారని తెలిసింది. టీవీ ఉన్నది రైల్వే క్వార్టర్ల దగ్గరి హాల్లో. గాసి సంతలో కొన్న టేప్ రికార్డరును గొంగట్లో చుట్టి, చంటిపిల్లలా ఎత్తుకొచ్చాడు. మా చలికి ఆ యంత్రాలు నీరసపడిపోయేవి. జనవరిలో మా ఊళ్ళో ఏ యుగళగీతం పెట్టినా ఇద్దరు మగవాళ్ళు పాడుకుంటున్నట్టే ఉండేది. కుంపటి పక్కన పెడితే అందులో ఒకరు మళ్ళీ ఆడమనిషి అయ్యేవారు.

హాలంతా జనం. గాసి టీవీ ముందు కూర్చుని, గుర్రం కనబడగానే రికార్డు చేసే రెండు మీటలూ కలిపి నొక్కాడు. మోరి పలికింది. గుర్రం చేలు దాటింది. కొండ ఎక్కడం మొదలెట్టింది. రాయి మీద కాలు జారింది. అప్పుడు స్టేషన్లో టీ అమ్మే యర్రమ్మ లేచి నిలబడి, "ఓలమ్మో, గుర్రం పడిపోద్దిరో!" అని కేక పెట్టింది. గుర్రం పడలేదు. సరిగ్గా ఆ సమయానికి సొరంగంలోంచి గూడ్సు వచ్చింది. డ్రైవరు కూత పట్టి వదల్లేదు. ఆ బండి పొడుగు ఎంతో ముందే చెప్పాను కదా. అదంతా పోయేసరికి టీవీలో బట్టల సబ్బు ప్రకటన వస్తోంది.

"తోకెక్కడ?" అన్నాడు గాసి.

"గూడ్సు కింద పడిపోనాది" అన్నాడు వాడి బావమరిది బుధు. వాడు డప్పు వాయిస్తాడు, నోరు కూడా అలాగే వాయిస్తాడు.

అలా ఆ గుర్రం పాట తల నుంచి నడుము దాకా దొరికి, తోక దొరకలేదు.

శృంగవరపుకోటలో వరహాలరావు అని ఒకాయనకు క్యాసెట్లు రికార్డు చేసే కొట్టుండేది. సంత రోజున పెట్టె మోసుకుని అరకు వచ్చేవాడు. గాసి టేపు విని భక్తిగా చెవులు పట్టుకున్నాడు. దాన్ని కాపీలు తీశాడు. ఆ కాపీలు పాడేరు జీపుల్లో ఎక్కాయి, టైడా టీ కొట్లో ఎక్కాయి, ఎవరో రంపచోడవరం కూడా పట్టుకుపోయారు. అన్నిట్లోనూ యర్రమ్మ కేక ఉంది. కొత్తగా విన్నవాళ్ళు అదీ పాటలో భాగమే అనుకున్నారు. జీపు డ్రైవర్లు సరిగ్గా ఆ చోటుకు రాగానే తామూ "ఓలమ్మో!" అనేవారు. సంగతి తెలియని బయటి ఊళ్ళవాళ్ళు అదిరిపడి దిగిపోయేవారు.

ఎక్కడ పెళ్ళి జరిగినా, "గాసన్నా, గుర్రం పాట ఎత్తుకో" అని అడగడమే. గాసి ఇంటి దగ్గర వాయించేవాడు, చేలో వాయించేవాడు, పెళ్ళిలో మాత్రం ససేమిరా. బుధు ఊరుకుంటాడా?

"తోక లేకపోతే ఏటి బావా, నాను కట్టెత్తాను. డప్పు మూడు దెబ్బలు కొడితే ఏ పాటైనా సచ్చి ఊరుకుంటాది."

"ఆవు తోక తెచ్చి గుర్రానికి కడతావేటి?" అనేవాడు గాసి.

గాసికి ఒక్కతే కూతురు, బేబి. నడవడం రాకముందే ఆ పాటకు తల ఊపిన గుంట (మా వైపు ఆడపిల్లను అలాగే అంటాం). ఏడెనిమిదేళ్ళప్పుడు సంతలో గాసి భుజాల మీద కూర్చుని నా ముందే అడిగింది.

"అయ్యా, నా పెళ్ళికి గుర్రం పాట వాయిత్తావా?"

"తోక దొరికితే వాయిత్తాను."

"దొరక్కపోతే?"

"దొరికేదాకా పెళ్ళి సెయ్యను."

గాసి భార్య నీలవేణి పక్కనే చింతపండు బుట్ట దించుతోంది. "ఇన్నావా బావూ? గుర్రం తోక పట్టుకుని నా గుంటని ముసిల్దాన్ని సేసేత్తాడు ఈ మనిషి" అంది. అందరం నవ్వాం. గాసి నవ్వలేదు. ఆ పూట నుంచి తోక వెతుకులాట మా ముగ్గురి మీదా పడింది: గాసి, వరహాలరావు, నేను.

వరహాలరావుకు తనలాంటి పిచ్చివాళ్ళు ఊరికొకరు తెలుసు. ఏలూరులో ఒకాయన, ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగాయన, బరంపురంలో ఒక హోమియో డాక్టరు. పాత సినిమాల వెనక వాయిద్యం మొత్తం, ముక్క వదలకుండా క్యాసెట్లుగా వెయ్యాలని వీళ్ళ కోరిక. ఒకరికొకరు కార్డులు రాసుకునేవారు, కంపెనీలకు కార్డులు రాసేవారు. కంపెనీకి ఇంగ్లీషులో రాస్తే గౌరవంగా ఉంటుందని ఆ పని నాకప్పగించారు. కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు నాది. ఎంత మర్యాదగా రాశానంటే, కంపెనీవాళ్ళు చదివి కన్నీళ్ళు తుడుచుకుని, పటం కట్టించి గోడకు తగిలించి, జవాబివ్వడం మరిచిపోయారు.

ఇక లాభం లేదని ఒకరోజు ఎస్టీడీ బూతులోంచి మద్రాసులో క్యాసెట్ల కంపెనీకి ఫోను చేశాను. అవతల తెలుగు గొంతే పలికింది. గాసి, వరహాలరావు అద్దం తలుపు కొద్దిగా తెరిచి వింటున్నారు.

"స్కోరు కావాలండీ" అన్నాను. వెనక వాయిద్యాన్ని ఇంగ్లీషులో అలాగే అంటారని ఎక్కడో చదివాను.

"లంచికి నూట పదికి మూడు వికెట్లండీ" అన్నాడాయన.

"అది కాదండీ, ఫుల్ స్కోరు. మొదట్నుంచి చివరిదాకా."

"చివరిదాకా నేనెలా చెప్తానండీ, ఇంకా ఆడుతున్నారు కదా!" అని పెట్టేశాడు.

"ఏటన్నాడు బావూ?" అన్నాడు గాసి ఆత్రంగా.

"ఇంకా ఆడుతున్నారట."

"అదే నానూ అన్నాను. పాట ఆగనేదు" అని సంతోషంగా పనసపుట్టు వెళ్ళిపోయాడు.

ఏళ్ళు గడిచాయి. గాసి చేలో రాజ్మా పోయి కాఫీ వచ్చింది, కాఫీ చెట్లకు మిరియాల తీగలు పాకాయి. వరహాలరావు క్యాసెట్లు బూజుపట్టి సీడీల కొట్టు అయింది. నేను రిటైరై, ఈ చలి వదిలి ఎక్కడికి పోతానని అరకులోనే ఇల్లు కట్టుకున్నాను. బేబి పాడేరులో నర్సు పని నేర్చుకుని వచ్చి సూదిమందు చేత్తో పట్టుకుని ఊరూరూ తిరుగుతోంది. కాఫీ నర్సరీలో పనిచేసే ఫల్గుణ అనే కుర్రాడు, ఒంట్లో బాగానే ఉన్నా, ఆమె దగ్గర సూదులు పొడిపించుకోవడానికి వచ్చేవాడు. ఆ రోగం ముదిరి పెళ్ళి దాకా వచ్చింది. మాఘమాసంలో ముహూర్తం పెట్టారు.

అప్పుడు బేబి తండ్రికి పాతమాట గుర్తుచేసింది. "అయ్యా, తోక దొరికినాదా?"

"నేదమ్మా."

"మరి పెళ్ళి?"

గాసి మోరి తుడుస్తూ కూర్చున్నాడు. "పెళ్ళి సేత్తాను గానీ పాట మాత్రం అడక్కు. ఎక్కడ దించాలో తెల్దు. నీ పెళ్ళిలో నీ అడుగు గాల్లో ఉండిపోతే?" అన్నాడు. ఆ గుంట సూదిమందు సంచి భుజాన వేసుకుని పనికి పోయింది. నీలవేణి మాత్రం నా దగ్గరికి వచ్చి, "బావూ, ఈ మనిషి వారం బట్టి సరీగ్గా తినట్లేదు. ఆ తోకేదో ఎక్కడున్నా బేగి పట్టండి" అంది.

పెళ్ళి దగ్గర పడ్డాక, సంత రోజున వరహాలరావు ఘాట్ రోడ్డు బస్సులోంచి దూకినట్టు దిగాడు. చేతిలో సీడీ పెట్టె. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ పాత రీళ్ళు సంపాదించి, మా పిచ్చివాళ్ళ పోరు పడలేక, గుర్రం సినిమా వెనక వాయిద్యం మొత్తం వేసింది. అట్ట మీద గుర్రం బొమ్మ కూడా ఉంది. గాసి దాన్ని చూసి, "సిక్కిపోనాదిరా" అన్నాడు జాలిగా.

సీడీ పెట్టడానికి దగ్గర్లో యంత్రం ఉన్నది రవిబాబు జీపులోనే. పాడేరు జీపు అది. సంతలో సగం మంది దాని చుట్టూ మూగారు. గాసిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. రవిబాబు సీడీ తోశాడు.

మోరి పలికింది. గాసి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు.

"ఇదేటి, నడుత్తున్నాది? గుర్రం ముసిల్దయిపోనాదా?"

నిజమే. మా పాటకన్నా నెమ్మదిగా ఉంది. ఆనాడు గొంగడి జారిపోయి, చలికి టేపు నీరసంగా తిరుగుతూ రికార్డయింది. దాన్ని ఇంట్లో కుంపటి పక్కన పెట్టి వినేవాళ్ళం. ఇన్నేళ్ళూ మేము విన్న గుర్రం అసలు గుర్రం కన్నా జోరుగా పరుగెత్తింది.

"ఇన్నేళ్ళు రీల్లో ముడుసుకుని కూకుంటే కాళ్ళు పట్టెయ్యవా బావా?" అన్నాడు బుధు.

గుర్రం చేలు దాటింది. కొండెక్కింది. కాలు జారే చోటు వచ్చింది. ఎక్కడా కేక లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఓలమ్మో నేదేటి? కోసేసినారు! మొత్తం అన్నారు?" అని ఎవరో గొడవ మొదలెట్టారు. యర్రమ్మ గుంపులోంచి, "నన్ను అడక్కుండా నా గొంతు తీసేసినారా, ఆళ్ళ సిగదరగ!" అంది.

"నోరు ముయ్యండర్రా, తోకొత్తన్నాది!" అని గాసి చెయ్యెత్తాడు.

ఇన్నాళ్ళూ గూడ్సు కింద ఉండిపోయిన చోటు అది. మోరి పైకి వెళ్ళింది, వెనక డప్పులు అందుకున్నాయి, మళ్ళీ మోరి, మళ్ళీ డప్పులు. అలాగే సన్నబడుతూ, సన్నబడుతూ...

గాసి రవిబాబు చేతి మీద చెళ్ళున కొట్టాడు. "సౌండు తగ్గిత్తావేట్రా, ఇప్పుడా!"

"నాను ముట్టనేదు బాబాయ్!"

"మళ్ళీ ఎయ్యి. సేతులు నెత్తి మీద ఎట్టుకో."

రవిబాబు చేతులు నెత్తి మీద పెట్టుకున్నాడు. గుర్రం మళ్ళీ కొండెక్కింది. మళ్ళీ అదే చోట వాయిద్యం సన్నబడి, ఎండిపోయిన వాగులా ఇసుకలో కలిసిపోయింది. జీపు బ్యాటరీ అన్నారు, స్పీకరు అన్నారు. బుధు బానెట్టు ఎత్తి లోపలికి చూశాడు కూడా. చివరికి వరహాలరావు గొంతు సవరించుకున్నాడు.

"అది అంతే గాసీ. స్టూడియోలో అలా చేస్తారు. ఎలా ఆపాలో తోచనప్పుడు మీట మెల్లగా కిందికి దించేస్తారు."

"అయితే తోక నేదా?"

"లేదు."

పదేళ్ళు పైబడి వెతికిన తోక. నేను గాసి ముఖం చూడలేక సంతలో అల్లం పోగులు చూస్తున్నాను. నీలవేణి వచ్చి జీపు పక్కన నిలబడింది. గాసి చాలాసేపు అట్ట మీది గుర్రాన్ని చూసి, అప్పుడు వరహాలరావును అడిగాడు.

"సావుకారూ, మీట దించేసినప్పుడు వాయించినోళ్ళు ఏటి సేత్తారు?"

"ఏం చేస్తారు, వాయిస్తూనే ఉంటారు. మనకి వినబడదంతే."

"వాయిత్తూనే ఉంటారు" అని గాసి ఆ మాటను నోట్లో వేసుకుని తిప్పాడు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలెట్టాడు. "ఆళ్ళు ఆపనేదు బావూ. ఎల్లిపోనారు. వాయిత్తూ కొండ అవతలికి ఎల్లిపోనారు. మనమే ఇక్కడ ఉండిపోనాం." జీపులోంచి దిగి తలపాగా సరిచేసుకున్నాడు. "ఇది కూకుని వాయించే పాట కాదర్రా. సాగనంపే పాట! తోక మోరిలో నేదు, కాళ్ళలో ఉన్నాది."

"ఇన్నాళ్ళూ ఆ కాళ్ళు నీ దగ్గరే ఉన్నాయి కదా మావా" అంది నీలవేణి.

పెళ్ళి రోజు పొద్దున్నే మగపెళ్ళివారు బేబిని తీసుకువెళ్ళడానికి పనసపుట్టు వచ్చారు. మా వైపు పెళ్ళి పెద్ద తంతు అబ్బాయి ఊళ్ళో జరుగుతుంది. అమ్మాయిని ఆమె ఊరివాళ్ళు వాయిద్యంతో పొలిమేర దాకా సాగనంపుతారు. గాసి ముంగిట్లో నిలబడి గుర్రం పాట ఎత్తుకున్నాడు. సీడీ గుర్రం కాదు, మా కుంపటి గుర్రం. డప్పులు అందుకున్నాయి. ఆడవాళ్ళు చేతులు పెనవేసుకున్నారు. కాలు జారే చోటు రాగానే అంతా యర్రమ్మ వైపు తిరిగారు. ముసలమ్మ కర్ర ఎత్తి, "ఓలమ్మో, గుర్రం పడిపోద్దిరో!" అంది. అంత పెద్ద కేక ఆ గొంతులో ఇంకా ఉందని నాకు తెలియదు. బేబి నవ్వుతూనే గడప ముందు నుంచి కదిలింది.

గాసి ఆమె పక్కనే వాయిస్తూ నడిచాడు. బుధు డప్పుతో వెనక. వరుసగా కాఫీ తోటలోకి దిగారు, గెడ్డ దాటారు, మలుపు తిరిగారు. నీలవేణి, యర్రమ్మ, నేను, వరహాలరావు ముంగిట్లో ఉండిపోయాం. వరహాలరావు ఒళ్ళో పాత టేప్ రికార్డరు, రెండు మీటలూ నొక్కి ఉన్నాయి. మోరి సన్నబడుతోంది. కాసేపటికి అది మోరో, చెవిలో మిగిలిన మోరో తెలియకుండా అయింది.

"ఆపేసినాడా?" అంది యర్రమ్మ.

"నేదు. ఎల్తన్నాడు" అంది నీలవేణి, కళ్ళు తుడుచుకోకుండానే నవ్వుతూ.

అప్పుడు సొరంగం దగ్గర గూడ్సు కూసింది. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. యర్రమ్మ నమ్మింది. "అదిగో, ఇప్పుడు సరిపోనాది" అని టీ పెట్టడానికి లేచింది.

గాసి ఎండ ముదిరాక తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కుని, విస్తరి ముందు కూర్చుని, వారం రోజుల తిండి ఒక్కపూటలో తినడం మొదలెట్టాడు. నేను ఆగలేక అడిగాను.

"ఇక్కడ మాకు వినబడకుండా పోయింది, సరే. కాని పొలిమేర దగ్గర నువ్వు ఎక్కడో ఒకచోట ఆపాలి కదా. అక్కడ ఏం వాయించావు?"

"అది గుంటకి" అన్నాడు గాసి. ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

బుధును అడిగితే, వెనక ఉన్నాను, నా డప్పు చప్పుడులో నాకే వినబడలేదన్నాడు. ఫల్గుణను అడిగితే, నేను అమ్మాయి ముఖం చూస్తున్నానన్నాడు. బేబి అడిగిన ప్రతిసారీ నవ్వి, "సూదిమందు పొడవనా తాతా?" అంటుంది.

వరహాలరావు టేపులో పాట నడుము దాకా ఉంది, యర్రమ్మ కేక ఉంది, ఆ తర్వాత సన్నబడి, సన్నబడి, గూడ్సు కూతలో కలిసిపోయింది. ఏలూరాయన, ఖరగ్‌పూర్ ఆయన, బరంపురం డాక్టరు కాపీలు తెప్పించుకుని విన్నారు. ఇప్పుడు ముగ్గురూ బేబికి కార్డులు రాస్తున్నారు, మొత్తం కావాలని.